గుండాల వేడినీళ్లు

మా నాచారం నుంచి హబ్సిగూడ మీదుగా ఉప్పల్ వెళ్తుంటే ఎన్‌జీఆర్‌ఐ వస్తుంది. 1961లో పెట్టిన సంస్థ. భూమి లోపలి వేడిని లెక్కగట్టేవాళ్లు అందులో ఉంటారని నాకేం తెలుసు? నాకది మెట్రో స్టేషన్ పేరే!

మా అత్తయ్యగారు రెండేళ్లుగా "ఒక్కసారి గుండాల చూపించమ్మా" అంటున్నారు. భద్రాచలానికి 5 కిలోమీటర్లు. పెళ్లయిన కొత్తలో అక్కడ గోదావరి ఒడ్డున మామయ్యగారు ఇసుక తోడితే వేడినీళ్లు ఊరాయట. ఆయన పోయాక మరీ పట్టుబట్టారు. పిల్లలకేమో వాటర్ పార్కు కావాలి. చివరికి సంక్రాంతి సెలవుల్లో వెళ్లాం.

రిసార్టూ లేదు, కొలనూ లేదు. ఇసుకా, ఏరూ. మావాడు చేతులతో తోడాడు. నీళ్లు వెచ్చగా తగలగానే కెవ్వుమన్నాడు. అత్తయ్యగారు ఆ గుంటలో పాదాలు పెట్టుకుని చాలాసేపు మాట్లాడలేదు.

"ఇక్కడ అగ్నిపర్వతం ఉందా అమ్మా?" అన్నాడు వాడు. ఇంటికొచ్చి చదివి చెప్పాను. లేదు. నీరు నేల పగుళ్లలోంచి బాగా లోతుకు దిగి, అక్కడి రాళ్ల వేడికి కాగి, మళ్లీ పైకొస్తుంది. గోదావరి లోయలో బొగ్గుతోపాటు ఇదీ ఉంది. మణుగూరు దగ్గర పగిడేరులో బోర్లలోంచి వేడినీళ్లు ఉబుకుతుంటే, సింగరేణి వాటితో 2022లో 20 కిలోవాట్ల కరెంటు ప్లాంటు పెట్టింది. అంటే మా వీధిలో ఓ పది గీజర్లకు సరి.

అత్తయ్యగారు ఒక సీసాలో ఆ నీళ్లు పట్టించుకొచ్చారు. ఇల్లు చేరేసరికి చల్లారిపోయాయి. సీసా మాత్రం మామయ్యగారి ఫోటో పక్కనే ఉంది.