మోటారు సైకిలు సంఘములు

జనగామ మీదుగా ఓరుగల్లునకు పోవు పెద్దబాటను ఆదివారమునాడు వేకువనే పదియో పదునైదో మోటారు సైకిళ్ళు వరుస తీరి పోవుట మీలో పలువురు చూచియే యుందురు. కొన్ని రామప్ప గుడికి, కొన్ని లక్నవరము చెఱువునకు. వీరికి వేఱు పని లేదా యని రచ్చబండపై ఎవరో యొకరు అనకపోరు. ఇట్టి గుంపులు ఎందుకు పుట్టినవో చెప్పుటకు కొంత వెనుకకు పోవలెను.

జర్మనీ దేశమున డైమ్లరు, మేబాకు అనువారు 1885లో కొయ్యచట్రమునకు యంత్రము బిగించి తొలి బండిని నడిపిరి. 1903 నాటికే ఇంగ్లండున ఆటో సైకిల్ క్లబ్బు వెలసెను. ఆ యేటనే చేయబడిన శాసనము బండ్లకు సంఖ్యలను, గంటకు ఇరువది మైళ్ళ పరిమితిని విధించెను. దొరతనమువారితో మాటాడుటకు ఒంటరివాని గొంతు చాలదు. సంఘము బలపడుటకు ఇదియు నొక కారణమని నా యూహ. పందెములకై బాటలను మూయుటకు ఇంగ్లండున చట్ట మొప్పుకొనలేదు. మ్యాన్ అను చిన్నదీవి ఒప్పుకొనెను. 1907 మే 28న అచట మొదలైన పందెము, యుద్ధకాలములందు ఆగినను, ఇప్పటికిని సాగుచున్నది. ఆ దీవిలోని పందెపు బాటపై, ఇతర పందెములతో కలిపి, రెండువందలకు పైగా నడుపరులు ప్రాణములు కోలుపోయిరి. సంఘములవారు తమ వేడుకలను చెప్పుకొనునప్పుడు ఈ లెక్కను కూడ చెప్పవలెను.

చాలకాలము ఇవి మగవారి కూటములే. అమెరికాలో లిండా డ్యూగో అను నామె, స్వంతబండి నడపు స్త్రీలు ఎచ్చటెచ్చట కలరో తెలుపుడని అంగళ్ళవారికిని నడుపరులకును ఉత్తరములు వ్రాసెను. డాట్ రాబిన్సన్ అను మఱియొక యామె తోడ్పడెను. అట్లు కూడిన 51 మందితో 1941 నాటికి మోటార్ మెయిడ్స్ అను సంఘము నిలిచెను. బండి యుండుట కంటె, తనవంటి మఱియొకతె కలదని తెలియుటయే వారికి పెద్ద లాభమని నాకు తోచును.

మన దేశమున 1955లో మద్రాసున ఎన్‌ఫీల్డు కంపెనీ ఏర్పడెను. పిదప మైసూరున జావా బండ్లు తయారయ్యెను. అయినను పల్లెకు బండి నిజముగా చేరినది 1985లో హీరో హోండా వచ్చిన తరువాతనే. పెట్రోలు తక్కువ త్రాగు బండి రైతునకు ఎడ్లబండి కంటె ఆప్తమయ్యెను.

2011లో ఊర్వశి పాటోలే పూణెలో బైకర్నీ యను స్త్రీల సంఘమును స్థాపించిరి. హైదరాబాదు శాఖను నడిపిన జయభారతి గృహశిల్పి. 2018 ఫిబ్రవరిలో ఆమెయు మఱి ముగ్గురును హైదరాబాదు నుండి బయలుదేరి, బర్మా, థాయిలాండు, లావోసు, కంబోడియా, వియత్నాములను చుట్టి, సుమారు 17,000 కిలోమీటర్లు బండ్లపైననే పోయిరి. ఆ మువ్వురిలో నొకరైన పియా బహదూరు ఆ యాత్రను గ్రంథముగా వ్రాసిరి. తరువాత జయభారతి మోవో అను సంస్థను పెట్టి స్త్రీలకు బండి నేర్పించుటకు పూనుకొనిరి.

2016 అక్టోబరు 11న జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి జిల్లాలయ్యెను. కచేరీలు దగ్గఱకు వచ్చెను. అయినను తండా నుండి కళాశాలకు పోవు పిల్ల ఆటో కొఱకో, అన్న తీరిక కొఱకో కాచుకొనుచునే యున్నది. పదునెనిమిదేండ్లు నిండిన దానికి లైసెన్సు పొందుటకు తండ్రి సంతకము అక్కఱలేదు. బండి తాళము మాత్రము ఇంటి చిలుకకొయ్యకే వ్రేలాడుచుండును.