కార్డు జేబులో ఉంటే చాలదు, మాట ఇంట్లో చెప్పాలి

మా మేనమామది రేపల్లె పక్క పల్లెటూరు. కళ్లు దానం చేస్తానని సంతకం పెట్టి కార్డు తెచ్చుకున్నాడు. అత్తకి చెప్పలేదు. ఓ రాత్రి ఇంట్లోనే పోయాడు. పెద్దకర్మ రోజు ట్రంకుపెట్టెలో పొలం కాగితాలు ఎతుకుతుంటే ఆ కార్డు బయటపడింది. "ఒక్క మాట నాతో అంటే ఇచ్చేదాన్ని గదయ్యా" అని అత్త ఏడ్చింది. అందుకే తెనాల్లో, బాపట్లలో ఏ కుర్రోడు అవయవదానం గురించి అడిగినా ముందు ఈ సంగతే చెప్తా.

మన దేశంలో అవయవదానానికి 1994లో కేంద్ర చట్టం వచ్చింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1995లో తన చట్టం చేసుకుంది. 2011 సవరణతో కేంద్ర చట్టంలోకి కార్నియా, చర్మం, ఎముక లాంటి కణజాలాలు కూడా చేరాయి. అవయవాలు అమ్మినా కొన్నా నేరమే.

పేరు నమోదు చేసుకోడానికి దారులు ఇవి.

ఫోన్‌లో: కేంద్ర సంస్థ నోట్టో 2023లో పెట్టిన వెబ్‌సైటు ఉంది. ఆధార్‌కి లింకైన నంబరుకి ఓటీపీ వస్తది. ఏ అవయవాలు ఇస్తారో టిక్కు పెడితే కార్డు డౌన్‌లోడ్ అయిద్ది. మన రాష్ట్రంలో ఈ పనులు చూసేది జీవన్‌దాన్.

కాగితం మీద: ఫారం 7 నింపాలి. ఇద్దరు సాక్షులు కావాలి, వాళ్లలో ఒకరు దగ్గరి బంధువై ఉండాలి.

లైసెన్సు తీసుకునేటప్పుడు: ప్రమాదంలో చనిపోతే అవయవాలు ఇస్తారా అని దరఖాస్తులోనే అడుగుతారు. ఏజెంటు చేతికి ఫారం ఇచ్చేసే మనోళ్లు ఆ గడి చూడనే చూడరు.

పద్దెనిమిదేళ్లు నిండితే చాలు. మనసు మారితే ఎప్పుడైనా రద్దు చేసుకోవచ్చు.

ఇంతా చేశాక అసలు మెలిక ఇక్కడుంది. మనం పోయాక ఆసుపత్రోళ్లు అడిగేది ఇంట్లోవాళ్లనే. వాళ్లు వద్దంటే ఆ కార్డు పనికిరాదు. ఏడుపుల మధ్య అమ్మో నాన్నో పెట్టాల్సిన సంతకం అది. మన ఇష్టమేంటో వాళ్లకి ముందే తెలిసుండాలి.

ఎక్కడ పోయామన్నదాన్ని బట్టి ఏమివ్వగలమన్నది ఉంటది. గుండె, కాలేయం, కిడ్నీల్లాంటివి ఇవ్వాలంటే సాధారణంగా ఐసీయూలో వెంటిలేటర్ మీద బ్రెయిన్ డెడ్ అయుండాలి. నలుగురు డాక్టర్లు కనీసం ఆరు గంటల తేడాతో రెండుసార్లు పరీక్షించి ధ్రువీకరిస్తారు. అవయవాలు తీసే ఖర్చు దాత కుటుంబం మీద పడదు. ఇది ఎక్కడో పెద్ద నగరాల్లో జరిగే పని అనుకోమాకండి. 2016లో గుంటూరు ప్రభుత్వాసుపత్రిలోనే డాక్టర్ ఆళ్ల గోపాలకృష్ణ గోఖలే బృందం గుండె మార్పిడి చేసింది.

పల్లెల్లో ఇంట్లోనే కన్నుమూసేవాళ్లు ఎక్కువ. వాళ్లు కళ్లు ఇవ్వొచ్చు. అయితే టైము తక్కువ, ఆరు గంటల లోపే తీయాలి. వెంటనే ఐ బ్యాంకుకి ఫోన్ చేయాలి. వాళ్లొచ్చేలోగా రెప్పలు మూసి తడిదూది పెట్టాలి, ఫ్యాను ఆపాలి, తలకింద దిండు పెట్టాలి. కళ్లజోడున్నా, శుక్లాల ఆపరేషనైనా, షుగరున్నా ఇవ్వొచ్చు. ముఖం చెదరదు, అంత్యక్రియలకు అడ్డమేం లేదు.

శరీరదానం వేరే సంగతి. అది గుంటూరు మెడికల్ కాలేజీ లాంటి చోట అనాటమీ విభాగానికి ముందుగానే రాసివ్వాలి. పోస్టుమార్టం అయిన శరీరాన్ని మామూలుగా తీసుకోరు.

అనుమానాలుంటే నోట్టో టోల్‌ఫ్రీ నంబరు 1800 11 4770కి చేసి అడగండి. నమోదయ్యాక ఆ కార్డు ఫొటో ఇంటి వాట్సాప్ గ్రూపులో పెట్టండి. అమ్మ ఫోన్ చూడదంటే, ఈ రాత్రి అన్నం దగ్గర కూర్చున్నప్పుడు నోటితోనే చెప్పండి. అమ్మ తిడితే తిట్టనీయండి. మా మామ ఆ తిట్లకి భయపడే చెప్పలేదేమో.