పర్యావరణ న్యాయ క్లినిక్

పర్యావరణ న్యాయ క్లినిక్ అంటే న్యాయ కళాశాల నడిపే చిన్న న్యాయవాద కార్యాలయం. లాయరును పెట్టుకునే స్తోమత లేని ఊళ్ల తరఫున, పౌర సంఘాల తరఫున విద్యార్థులే ఇక్కడ కాలుష్యం కేసులు నడుపుతారు. న్యాయవాదులైన అధ్యాపకులు వెంట ఉండి చూసుకుంటారు. ఈ పద్ధతి అమెరికాలో వేళ్లూనుకుంది.

వైద్య విద్యార్థి రోగుల దగ్గర నేర్చుకున్నట్టే న్యాయ విద్యార్థి కక్షిదారుల దగ్గర నేర్చుకోవాలని అమెరికా న్యాయవేత్త జెరోమ్ ఫ్రాంక్ 1933లోనే వాదించారు. అది విస్తృతంగా ఆచరణలోకి వచ్చింది మాత్రం 1968లో ఫోర్డ్ ఫౌండేషన్ నిధులు మొదలయ్యాకే. విద్యార్థులు పర్యవేక్షణలో కోర్టులో వాదించేందుకు రాష్ట్రాలు నిబంధనలు చేశాయి. ఆ రోజుల్లోనే స్వచ్ఛ వాయు చట్టం (1970), స్వచ్ఛ జల చట్టం (1972) కాలుష్యం చేసేవారిపై పౌరులే దావా వేసే హక్కునిచ్చాయి. పర్యావరణ క్లినిక్‌కు పునాది ఇదే. ఒరెగాన్ విశ్వవిద్యాలయంలో 1978లో, పేస్‌లో 1987లో, టులేన్‌లో 1989లో క్లినిక్‌లు వెలిశాయి.

స్వచ్ఛ జల చట్టం ప్రకారం ఫ్యాక్టరీ తాను నదిలోకి వదిలే నీటి లెక్కలను తానే ప్రభుత్వానికి సమర్పించాలి. విద్యార్థి ఆ నివేదికలను, పర్మిట్‌ను పక్కపక్కన పెట్టుకుని కూర్చుంటాడు. పరిమితి దాటిన అంకె కనబడితే అది ఉల్లంఘన. ఆపైన 60 రోజుల నోటీసు, అప్పటికీ దారికి రాకపోతే దావా. పాఠ్యపుస్తకంలో చదివేది అప్పటికే తేలిపోయిన కేసు. క్లినిక్ గడప తొక్కేది ఇంకా ఎవరూ కాగితం మీద పెట్టని గోడు. అందులోంచి చట్టానికి పనికొచ్చే వాస్తవాలను ఏరడమే ఇక్కడి అసలు చదువు.

కేసు నిజమైనది గనుక ఎదుటివాడి కోపమూ నిజమైనదే. అడవుల కేసులు చేపట్టిన ఒరెగాన్ క్లినిక్, కలప పరిశ్రమ ఒత్తిడి నడుమ 1993లో విశ్వవిద్యాలయాన్ని వదిలి స్వతంత్ర సంస్థగా మారింది.

అన్నింటికన్నా పెద్ద పోరు లూసియానాలో జరిగింది. పేద నల్లజాతి కుటుంబాలు ఎక్కువగా ఉండే కాన్వెంట్ అనే ఊళ్లో 70 కోట్ల డాలర్లతో ప్లాస్టిక్ ముడిసరుకు కర్మాగారం కడతామని షిన్‌టెక్ సంస్థ 1996లో ముందుకొచ్చింది. అప్పటికే ఆ చుట్టుపక్కల రసాయన పరిశ్రమలు బారులు తీరి ఉన్నాయి. స్థానికుల పక్షాన టులేన్ క్లినిక్ నిలబడింది. 1997 సెప్టెంబరులో కేంద్ర పర్యావరణ సంస్థ ఆ కర్మాగారం గాలి పర్మిట్‌ను తప్పుబట్టింది. గవర్నర్ మైక్ ఫోస్టర్ విశ్వవిద్యాలయంపై బహిరంగంగా విరుచుకుపడ్డారు. వ్యాపార సంఘాలు రాష్ట్ర సుప్రీంకోర్టుకు ఫిర్యాదు చేశాయి. 1998 జూన్‌లో ఆ కోర్టు, విద్యార్థులు ఏయే సంఘాల తరఫున వాదించవచ్చో కఠినంగా కుదించింది. సభ్యుల్లో కనీసం 51 శాతం మంది పేదలని సంఘం రుజువు చేసుకోవాలట! ఊరి గాలి కోసం ఏకమైన జనం ముందు తమ ఆదాయాల చిట్టా విప్పాలనడం అన్యాయమే. మరుసటి ఏడాది ఆదాయ పరిమితిని కొంత సడలించారు. 2001లో ఫెడరల్ అప్పీలు కోర్టు ఆ నిబంధన చెల్లుతుందని తేల్చింది. షిన్‌టెక్ మాత్రం 1998లోనే కాన్వెంట్‌ను వదిలేసి, మరోచోట చిన్న కర్మాగారం కట్టుకుంది.

మేరీలాండ్ క్లినిక్ 2010లో ఒక కోళ్ల ఫారంపై, పెర్డ్యూ కోళ్ల సంస్థపై దావా వేయగానే శాసనసభ్యులు విశ్వవిద్యాలయం నిధులు ఆపాలని చూశారు. 2012లో ఆ కేసు ఓడిపోయింది.

భారతదేశంలో పర్యావరణాన్ని పాఠ్యాంశం చేయాలని న్యాయవాది ఎం.సి. మెహతా వేసిన కేసులో సుప్రీంకోర్టు 1991లో ఆదేశించింది. న్యాయ కళాశాలల్లో పర్యావరణ చట్టం చెబుతున్నారు, న్యాయ సహాయ కేంద్రాలూ ఉన్నాయి. కానీ 1961 న్యాయవాదుల చట్టం ప్రకారం వాదించే హక్కు నమోదైన న్యాయవాదులదే. హైదరాబాద్ దగ్గరి పటాన్‌చెరు కాలుష్యం కేసు 1990లో సుప్రీంకోర్టుకెక్కి దశాబ్దాలు సాగింది. అలాంటి ఊళ్ల గోడు వినడానికి విద్యార్థులకూ చోటు దొరకాలి. పర్యవేక్షణలో వారు వాదించే వీలు కల్పిస్తూ న్యాయవాదుల చట్టాన్ని సవరించాలి.