పూండి పరిసరాల ప్రజా ఉద్యానాలు: స్థలం ఎవరిది, సంరక్షణ ఎవరిది?

సంక్రాంతి మూడు రోజులు ముగిసి ముక్కనుమ వచ్చేసరికి సరిహద్దు గ్రామాల కుటుంబాలు చద్దిమూటలతో ఏదో ఒక నీటిగట్టుకు బయలుదేరడం తరతరాల ఆనవాయితీ. తమిళనాట దానినే కాణుం పొంగల్ అంటారు. తిరువళ్ళూరు జిల్లాలో అటువంటి రోజున జనం చేరే చోట్లలో పూండి జలాశయం ముఖ్యమైనది. పట్టణాలలోని పార్కువంటిది ఈ ప్రాంతపు పల్లెలకు పూండి కట్టే. నీడ, గాలి, విశాలమైన నీరు, పిల్లలు పరుగెత్తేందుకు జాగా అన్నీ ఇక్కడ దొరుకుతాయి. మరునాటి ఉదయం ఆ చోటును శుభ్రపరచవలసినది ఎవరు అన్న ప్రశ్నకు మాత్రం అంత తేలికగా సమాధానం దొరకదు.

ఉద్యానాన్ని నిర్మించడం ఒక్క ఏడాది పని, దానిని నిలబెట్టుకోవడం ప్రతిదినం చేయవలసిన పని. మన ప్రాంతపు ప్రజా ఉద్యానాలు పాడుపడడానికి చాలా చోట్ల ధనాభావం కంటే బాధ్యత ఎవరిదో తేలకపోవడమే పెద్ద కారణం. కనుక స్థలం, నిధులు, నీరు, నిర్వహణ అనే విషయాలను సరిహద్దు గ్రామాలవారికి ఉపయోగపడే రీతిలో ఇక్కడ వివరించడమైనది.

పూండి: ఒక చోటు, పలువురు యజమానులు

కొసస్థలై ఏటిపై ఈ జలాశయ నిర్మాణం 1940లో మొదలై 1944లో పూర్తయింది. చిత్తూరు వైపు కుశస్థలి అని పిలిచే ఏటి నీరు, నగరి ఏటి నీరు చేరేది ఇక్కడికే. మద్రాసు నగర మేయరుగా ఈ పథకానికై పాటుపడిన ఎస్. సత్యమూర్తి 1943లోనే కన్నుమూశారు. ఆయన పేరిట దీనిని సత్యమూర్తి సాగరం అన్నారు. దీని సామర్థ్యం 3,231 మిలియన్ ఘనపుటడుగులు. 1983లో కుదిరిన తెలుగుగంగ ఒప్పందం ఫలితంగా కృష్ణాజలాలు కండలేరు నుండి సుమారు 150 కిలోమీటర్ల కాలువ ద్వారా ఊత్తుకోట వద్ద సరిహద్దు దాటి, 1996లో తొలిసారి పూండి చేరాయి. ఈ గట్టుపై కూర్చున్నవారి కన్నుల ముందు ఉన్నది రెండు రాష్ట్రాల నీరన్నమాట.

జలాశయం తమిళనాడు జలవనరుల శాఖ అధీనంలోనిది. నీటి వినియోగం ప్రధానంగా చెన్నై నగర త్రాగునీటికి. సమీపంలోని ఆదిమానవ పురావస్తు ప్రదర్శనశాల రాష్ట్ర పురావస్తు శాఖది. జలప్రవాహ పరిశోధనలు జరిపే సంస్థ ఒకటి 1940ల నుండి ఇక్కడ ఉన్నది. ఊరి వీధులు, చెత్త, దీపాలు పంచాయతీ వంతు. సందర్శకుడు గంటసేపటిలో ఇన్ని కార్యాలయాల పరిధులను దాటిపోతాడు. విరిగిన బల్ల ఒక శాఖ నేలపై, నిండిన చెత్తకుండి మరొక శాఖ నేలపై ఉండవచ్చు. కావున ఫిర్యాదు చేయదలచినవారు తొలుత తెలుసుకోవలసినది లోపం ఏమిటన్నది కాదు, అది ఎవరి హద్దులో ఉన్నదన్నది.

కట్ట మీద చెట్లు నాటి పచ్చదనం పెంచరాదా అని అడిగేవారు ఉన్నారు. నాటరాదు. మట్టికట్టలపై పెద్ద వృక్షాల వేళ్ళు లోతుకు చొచ్చుకుపోతాయి. చెట్టు చచ్చి వేరు కుళ్ళినప్పుడు ఆ సొరంగం గుండా నీరు ఊటగా వెలికి వస్తుంది. గాలివానకు చెట్టు కూలితే కట్ట మట్టి దానితోపాటే పెకలివస్తుంది. అందువలన గట్టుపై గడ్డి, గట్టు దిగువన తగినంత ఎడంలో చెట్లు అన్నది ఇంజనీర్ల నియమం. గేట్ల దిగువనున్న ఏటి ఇసుకలో పిల్లలను ఆడనివ్వడం కూడా తగదు. 2015, 2021 సంవత్సరాల ఈశాన్య ఋతుపవన కాలంలో పూండి నుండి మిగులుజలాలు పెద్దయెత్తున వదలవలసి వచ్చింది. పై నుండి వరద వచ్చినప్పుడు ఏటిలో నీటిమట్టం కొద్దిసేపటిలోనే మారిపోతుంది.

స్థలం నిలిచి ఉండాలంటే

మద్రాసులో 1860 ప్రాంతంలో గవర్నరు ట్రెవెల్యన్ చొరవతో సెంట్రల్ స్టేషను దరిని పీపుల్స్ పార్కు వెలసింది. వంద ఎకరాలకు పైబడిన ఆ వనంలో కొలనులు, జంతుశాల ఉండేవి. తరువాత విక్టోరియా పబ్లిక్ హాలుకు కొంత, మూర్ మార్కెట్టుకు కొంత, 1913లో పూర్తయిన రిప్పన్ భవనానికి కొంత, ఆటస్థలాలకు, రైల్వేకు కొంత పోయింది. వీటిలో ప్రతిదీ ప్రజలకు పనికివచ్చేదే. అన్నీ కలిసి ఆ వనాన్ని మింగివేశాయి, మై లేడీస్ గార్డెన్ అనే చిన్న తోట శేషించింది. అదే నగరంలో త్యాగరాయనగరం వెలసినప్పుడు నడుమ వదిలిన స్థలం నేటికీ పానగల్ పార్కుగా నిలిచి ఉన్నది. కాళహస్తిలో జన్మించి మద్రాసు రాష్ట్ర ప్రధానామాత్యుడైన పానగల్ రాజా రామరాయణింగారు పేరది. స్థలం ఉద్యానానికే అని తొలి పటంలోనే గీసి ఉంచడం వలన కలిగే మేలు ఎంతటిదో ఈ రెండింటినీ పోల్చితే తెలుస్తుంది.

తమిళనాడులో ఉద్యానాలు, ఆటస్థలాలు, బహిరంగ స్థలాల పరిరక్షణకు 1959లోనే ఒక చట్టం వచ్చింది. 2019 నాటి భవన నిర్మాణ నియమావళి ప్రకారం 10,000 చదరపు మీటర్లకు, అనగా సుమారు 2 ఎకరాల 47 సెంట్లకు మించిన లేఅవుట్లలో రోడ్లు పోగా మిగిలిన భూమిలో పదోవంతు బహిరంగ స్థలంగా స్థానిక సంస్థకు అప్పగించి తీరాలి. 3,000 నుండి 10,000 చదరపు మీటర్ల వరకు స్థలం ఇవ్వడం సాధ్యపడకుంటే బదులుగా సొమ్ము చెల్లించే వెసులుబాటు ఉన్నది. తిరువళ్ళూరు, తిరుత్తణి, ఊత్తుకోట మార్గాలలో ఇళ్లస్థలాలు కొనే మనవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. అమ్మకపు పటంలో పచ్చరంగు వేసినంత మాత్రాన అది పార్కు కాదు. ఆ పదోవంతు భూమికి స్థానిక సంస్థ పేరిట దానపత్రం రిజిస్టరు అయినదా, ఆ సర్వే నంబరు ఆమోదిత పటంలోని నంబరుతో సరిపోవుచున్నదా అన్నవి చూసుకోవాలి. రిజిస్ట్రారు కార్యాలయంలో ఇ.సి. తీసినచో దానపత్రం సంగతి బయటపడుతుంది.

పార్కు స్థలాన్ని మరొక ప్రయోజనానికి మళ్ళిస్తే ప్రశ్నించే హక్కు ఆ ప్రాంతవాసులకు ఉన్నదని సుప్రీంకోర్టు 1991లో బెంగుళూరు మెడికల్ ట్రస్టు కేసులో స్పష్టం చేసింది. అక్కడ పార్కుకై ఉంచిన స్థలాన్ని ప్రైవేటు ఆసుపత్రికి కేటాయించారు. ఆసుపత్రి మంచిదే కదా అన్న వాదం న్యాయస్థానంలో నిలువలేదు.

సరిహద్దు చరిత్ర వలన మన కుటుంబాలకు ఒక చిక్కు అదనంగా ఉన్నది. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి ప్రాంతం మద్రాసు రాష్ట్రంలో చేరి, సత్యవేడు వైపు పల్లెలు ఆంధ్రకు వచ్చాయి. వియ్యాలు, పొలాలు మాత్రం గీతకు ఇరువైపులా మిగిలిపోయాయి. పై చట్టం, నియమావళి తమిళనాడువి. సత్యవేడు, నాగలాపురం, నగరి వైపు భూములకు ఆంధ్రప్రదేశ్ నియమాలు వర్తిస్తాయి. ఒక వైపు విన్న మాటను మరొక వైపు భూమికి అన్వయించుకొని మోసపోరాదు.

కట్టేందుకు సొమ్ము, కాపాడేందుకు కరవు

పట్టణ ఉద్యానాలు 1992 నాటి 74వ రాజ్యాంగ సవరణతో పురపాలక సంఘాల బాధ్యతల జాబితాలో చేరాయి. గ్రామాలలో ఉమ్మడి ఆస్తుల నిర్వహణ 73వ సవరణ ద్వారా పంచాయతీల పరిధిలోనికి వచ్చింది. 2015లో ఆరంభమైన అమృత్ పథకంలో ఉద్యానాలకు రెండున్నర శాతం కేటాయించారు గాని, అది ప్రధానంగా లక్ష జనాభా మించిన 500 నగరాలకు ఉద్దేశించినది. 2011 జనగణన ప్రకారం తిరువళ్ళూరు, తిరుత్తణి రెండూ లక్షకు లోబడినవే. 2021లో వచ్చిన రెండవ విడత పథకం పరిధి అన్ని పట్టణాలకు విస్తరించింది.

పంచాయతీల స్థితి మరింత విచిత్రం. పదిహేనవ ఆర్థిక సంఘం 2021–26 కాలానికి గ్రామీణ సంస్థలకు ఇచ్చిన నిధులలో 60 శాతం పారిశుధ్యానికి, త్రాగునీటికి కట్టుబడినది. మిగిలిన 40 శాతాన్ని స్థానిక అవసరాలకు వాడవచ్చు, కాని జీతాలకు వాడరాదు. అనగా ఉయ్యాల కొనవచ్చు, ఉయ్యాల మేకు ఊడినదా అని చూసే తోటమాలికి ఆ పద్దు నుండి వేతనం ఇవ్వరాదు. ప్రారంభోత్సవపు శిలాఫలకం మెరుస్తుండగానే పార్కులో పల్లేరు మొలవడానికి మూలం ఇక్కడే ఉన్నది. తోటమాలి వేతనానికి పంచాయతీ సొంత రాబడి, అనగా ఇంటిపన్ను, సంతల వేలం, వాహనాల నిలుపుదల రుసుము వంటివి, నిర్మాణానికి ముందే లెక్కకట్టి చూపని పార్కును మంజూరు చేయకుండుటే మేలు.

నీరు, చెట్టు, ఉయ్యాల

పచ్చికబయలు కంటికి ఇంపైనదే, కాని ఖర్చు చూడాలి. మన వేసవిలో పచ్చికకు రోజుకు అయిదు మిల్లీమీటర్ల నీరైనా కావాలి, అనగా చదరపు మీటరుకు అయిదు లీటర్లు. పది సెంట్ల పచ్చికకు దినానికి రెండువేల లీటర్లు. 2019 జూన్‌లో పూండితో సహా చెన్నైకి నీరిచ్చే జలాశయాలు దాదాపు ఎండిపోయి, జోలార్‌పేట నుండి రైలులో నీరు తరలించవలసి వచ్చింది. అటువంటి ఏడాది పచ్చికకు నీరు పట్టమని ఏ సర్పంచి అడగగలరు? కనుక చిన్న పట్టణాలకు, పల్లెలకు నీడచెట్ల కింద చదును చేసిన మట్టినేలయే తగినది.

చెట్లలో వేప, కానుగ, పొగడ, రేల ఈ నేలకు అనుకూలం. నీటివార నేరేడు, నీరుమద్ది బాగా నిలుస్తాయి. మర్రి, రావి గోడలకు, తొట్లకు దూరంగా ఉండాలి. 2016 డిసెంబరు 12న వచ్చిన వర్దా తుపానుకు చెన్నై, తిరువళ్ళూరు జిల్లాలలో వేలాది చెట్లు కూలాయి. పెళుసు కొమ్మల తురాయి జాతులను పిల్లల ఆటస్థలం మీద నాటరాదని ఆ అనుభవం వలన తెలిసింది. మొదలు చుట్టూ సిమెంటు బిగించిన చెట్టుకు కూడా గాలిలో నిలిచే శక్తి తగ్గుతుంది. త్వరగా పచ్చబడుతుందని కోనోకార్పస్ వేసే అలవాటు పలుచోట్ల వ్యాపించగా, గుజరాత్ ప్రభుత్వం 2023లో దానిని నిషేధించింది. సర్కారు తుమ్మ గురించి చెప్పనక్కరలేదు. నరికితే చాలదు, వేరుతో తీయాలి.

మొక్కలు నాటేందుకు ఇక్కడ ఆశ్వయుజం అనువైనది. ఈశాన్య ఋతుపవనాల వాన అందుకొని వేరు పట్టుతుంది. ఆపైన రెండు వేసవులు నీరు పోయాలి, మేకల నుండి ముళ్ళకంపతో కాపాడాలి. జూన్ నెలలో వేదిక మీద నాటి, ఫొటో తీసి వదిలిన మొక్క లెక్కలో మాత్రమే బ్రతుకుతుంది.

ఆటవస్తువుల విషయంలో నెలకొకసారి చూడవలసినవి ఉయ్యాల గొలుసు పైకొక్కెం అరుగుదల, జారుడుబల్ల అంచుల తుప్పు, నేలలోని స్తంభాల కదలిక. వాటి కింద సిమెంటు గచ్చు వేయడం పొరపాటు. అడుగు లోతు ఇసుక పోసి, గట్టిపడకుండా తరచు తిరగవేయాలి. రాలిన ఆకులను తగులబెట్టక గోతిలో వేసి పేడనీళ్ళు చల్లితే ఆ తోటకే ఎరువు. మరుగుదొడ్డికి తాళం వేసి ఉంచే పార్కుకు స్త్రీలు రారు, వృద్ధులు రారు. ఇక మిగిలేది పేకాట బృందమే. తమిళనాడులో 2019 జనవరి 1 నుండి ఒకసారి వాడి పారవేసే ప్లాస్టిక్ వస్తువులు 14 రకాలు నిషిద్ధం. ముక్కనుమనాడు సరిహద్దు దాటి వెళ్ళేవారు అరిటాకులు, స్టీలు డబ్బాలు తీసుకుపోవడం ఉత్తమం.

రాయి తీయరాని నేల

పూండి చుట్టుపక్కల ఉద్యానం బాగుచేయదలచినవారు మరొకటి గమనించాలి. 1863లో రాబర్ట్ బ్రూస్ ఫుట్, విలియం కింగ్ రాతి పనిముట్లను గుర్తించిన అత్తిరంపాక్కం ఇక్కడికి కొద్ది కిలోమీటర్లే. అక్కడి అడుగుపొరల వయస్సు సుమారు 15 లక్షల ఏళ్ళని 2011లో, పై పొరలలోని మరింత నేర్పు గల పనితనం 3,85,000 ఏళ్ళ నాటిదని 2018లో పరిశోధకులు ప్రకటించారు. అల్లికుళి కొండలలో గుడియం గుహలు ఉన్నాయి. ఆ కొండల గుండ్రాళ్ళ పొర సరిహద్దు దాటి సత్యవేడు వరకు సాగుతుంది. ఆదిమానవుని ముడిసరుకు ఆ రాళ్ళే. 1985లో పూండిలో ప్రదర్శనశాల వెలసినది ఇందుకే.

కాబట్టి ఈ నేలలో పొక్లెయిన్‌తో చదును చేయించే ముందు పురావస్తు శాఖను సంప్రదించాలి. చేతిగొడ్డలివంటి రాయి పిల్లలకు దొరికితే చోటు గుర్తుపెట్టుకొని ప్రదర్శనశాలలో తెలియజేయాలి. ఇంటికి తెచ్చుకున్న రాయి ఏ పొరలోనిదో ఎవరూ చెప్పలేరు.

అర్జీ ఎక్కడ ఇవ్వాలి

తమిళనాడులో గ్రామసభలు జనవరి 26, మార్చి 22, మే 1, ఆగస్టు 15, అక్టోబరు 2, నవంబరు 1 తేదీలలో జరుగుతాయి. నాలుగుగా ఉన్నవాటిని ఆరు చేసినది 2022లో. పార్కు విషయం నోటితో చెప్పినదానికంటే తీర్మానంగా వ్రాయించినది బలమైనది. తీర్మానంలో సర్వే నంబరు, విస్తీర్ణం, లోపం, కోరే మరమ్మతు, తోటమాలి వేతనం ఏ పద్దు నుండి అన్నవి ఉండాలి. జలాశయపు హద్దులోని లోపమైతే అర్జీ జలవనరుల శాఖకు వ్రాసి, నకలు జిల్లా కలెక్టరుకు పంపాలి. కలెక్టరు కార్యాలయంలో సోమవారాలు అర్జీలు స్వీకరించే రివాజు ఉన్నది. రసీదు నంబరు లేకుండా వెనుదిరగరాదు. సమాధానం రాకుంటే 2005 నాటి సమాచార హక్కు చట్టం క్రింద ఆ నంబరు పేర్కొని దరఖాస్తు చేయవచ్చు, జవాబుకు గడువు 30 రోజులు.