జీపు నుండి జీప్నీ వరకు

యుద్ధములు ముగిసిన తరువాత చరిత్రకారులు సంధిపత్రములను, మారిన సరిహద్దులను, సేనానుల పేర్లను గ్రంథస్థము చేయుదురు. యుద్ధభూమిలో మిగిలిపోయిన సామాను ఏమైనదని అడుగువారు మాత్రము అరుదు. రెండవ ప్రపంచయుద్ధానంతరము ఆ ప్రశ్నకు ఫిలిప్పీన్సు దేశపు సామాన్యప్రజలు చెప్పిన సమాధానమును ఈ రజతోత్సవ సంచికలో పాఠకులకు నివేదించుచున్నాను. అమెరికా సైన్యము విడిచిపోయిన జీపులను అక్కడి మేస్త్రీలు కోసి, అతికి, పొడిగించి, పిల్లలతో గంపలతో కుటుంబములు కూర్చుండి పోదగిన బండ్లుగా మార్చిరి. వానికే జీప్నీలని పేరు.

మొదట జీపు పుట్టుకను గూర్చి రెండు మాటలు. 1940లో అమెరికా సైన్యము 135 సంస్థలకు వర్తమానము పంపి, తేలికగానుండి గట్టిగా పనిచేయు చిన్న వాహనమొకటి కావలెననియు, దాని నమూనాను 49 దినములలో అందింపవలెననియు కోరెను. బాంటమ్ అను చిన్న సంస్థ ఆ గడువులోపల నమూనాను సిద్ధపరచెను. పిమ్మట విల్లీస్, ఫోర్డ్ సంస్థలు దానిని పెద్దయెత్తున తయారుచేసినవి. యుద్ధము ముగియునప్పటికి తయారైన జీపుల సంఖ్య సుమారు 6,40,000. దాని ముందు వెనుక ఇరుసుల నడుమ దూరము 80 అంగుళములు మాత్రమే. నాలుగు సిలిండర్ల ఇంజను 60 అశ్వముల శక్తి కలది. అవసరమైనపుడు నాలుగు చక్రములకును ఆ శక్తి అందును గనుక బురదలోను, ఇసుకలోను అది చిక్కుపడదు. అయితే అందు కూర్చుండుటకు నలుగురికి మించి చోటులేదు. ఎండకు వానకు నిలుచు గట్టి పైకప్పు లేదు. సైనికునికి సరిపోయిన ఆ బండి సంసారికి సరిపోవునది కాదు.

ఇక ఫిలిప్పీన్సు స్థితిని చూతము. 1942 జనవరి 2వ తేదీన జపాను సేనలు మనీలా నగరమున ప్రవేశించినవి. 1945 ఫిబ్రవరి 3 నుండి మార్చి 3 వరకు ఆ నగరముకొరకు జరిగిన పోరాటములో ఇంచుమించు లక్షమంది పౌరులు మరణించిరి. వీథులకు వీథులు నేలమట్టమైనవి. నగరవాసులను అంతకుముందు చేరవేయుచుండిన ట్రాముబండ్ల వ్యవస్థ నాశనమైపోయెను. దానిని మరల నిలువబెట్టలేదు. ఒంటిగుఱ్ఱపు కలేసాబండ్లు ఉన్నను అవి అంతటి జనమునకు చాలునవి కావు. పనికి పోవలసినవాడు పోలేని, సరకు అమ్ముకొనవలసినది సంతకు చేరలేని కష్టకాలమది.

1946 జూలై 4వ తేదీన ఆ దేశము స్వతంత్రమైనది. ఆ సంవత్సరముననే అమెరికా కాంగ్రెసు ఒక పునర్నిర్మాణ చట్టమును చేసి, పది కోట్ల డాలర్ల విలువకు మించకుండ మిగులు సామగ్రిని ఫిలిప్పీన్సు ప్రభుత్వమునకు అప్పగించుటకు అనుమతినిచ్చెను. స్వదేశమునకు తిరుగుముఖము పట్టిన సైన్యమునకు జీపులను ఓడలకెక్కించి తీసికొనిపోవుటకంటె అక్కడనే వదలుట మేలుగా తోచినది. ఈ విధముగా వేలకొలది బండ్లు జనుల చేతికి వచ్చినవి.

ఒక దేశపు అక్కరకును, మరియొక దేశపు మిగులునకును పొత్తు కుదిర్చినవాడు మేస్త్రీ. అతడు చేసిన పనిని కొంచెము వివరముగా తెలిసికొనుట యుక్తము. మొదటి దినములలో మార్పు స్వల్పము. వెనుక భాగమున రెండు పొడవాటి బల్లలను ఎదురెదురుగా నిలిపి, పైన కప్పు వేసిరి. జనము వెనుకనుండి ఎక్కి, మోకాళ్లు మోకాళ్లు తగులునట్లు కూర్చుండిరి. రాబడి కనబడిన పిమ్మట చోటు చాలదని తోచినది. అప్పుడు అడుగున నుండు ఇనుపదూలములను పొడిగించి అతికిరి. దూలము పొడవైనచో వెనుక ఇరుసునకు శక్తిని అందించు కడ్డీయు పొడవు కావలెను. జనము పెరిగినచో పట్టీస్ప్రింగులు మరింత బలమైనవి కావలెను. ఒక మార్పు మరియొక మార్పును కోరును. ఇవి యన్నియు చిన్న కొట్టములలో సుత్తితోను, అతుకు పనితోను, కంటి అంచనాతోను సాగినవి. నలుగురి బండి క్రమముగా పదునారుగురు, ఇరువదిమంది పట్టు బండియైనది.

ఈ ఊహ శూన్యమునుండి పుట్టినది కాదు. యుద్ధమునకు పూర్వమే మనీలాలో చిన్నకార్లను ఆధారముగా చేసికొని ఆటో కలేసాలను నడిపిరి. గుఱ్ఱపుబండిపని తెలిసినవారి చేతిలో జీపు పడుటచేతనే దానికి కలేసా సొగసు అబ్బినది. ముందుభాగమున లోహపు గుఱ్ఱపుబొమ్మలు, ప్రక్కలకు రంగురంగుల చిత్రములు, పునీతుల పేర్లు, యజమాని బిడ్డల పేర్లు వెలసినవి. పచ్చని సైనికవర్ణము కనుమరుగైనది. జీపు అను మాటకును, తక్కువ చార్జీకి పలువురిని ఎక్కించుకొను బండికి అమెరికాలోనుండిన జిట్నీ అను పేరునకును కలయికగా జీప్నీ అను పేరు వచ్చినదని చెప్పుదురు.

పూర్వము కలేసా తోలిన లియొనార్డో సరావో 1953లో లాస్ పిన్యాస్ అను చోట జీప్నీల కర్మశాలను స్థాపించెను. అది ఆ దేశమున మిక్కిలి ప్రసిద్ధి వహించినది. 1964లో న్యూయార్కులో జరిగిన ప్రపంచ ప్రదర్శనలో ఫిలిప్పీన్సు దేశము తన విభాగమున జీప్నీని నిలిపినది. విడిచిన సామాను ఇరువది యేండ్లలోపల, విడిచిపోయినవారి దేశముననే ఒక జాతి చిహ్నముగా నిలిచినది! సైనిక జీపులు అరిగిపోయిన పిదప మేస్త్రీలు క్రొత్తగా శరీరములను కట్టి, జపానునుండి వచ్చిన పాత డీజెలు ఇంజనులను అమర్చిరి. ఇంజను మారినను, ఇనుము మారినను, ఎదురెదురు బల్లల పద్ధతి మాత్రము మారలేదు.

ఆ బల్లలవలన ఒక మర్యాదయు ఏర్పడినది. చార్జీ డబ్బును ప్రయాణికుడు ప్రక్కవాని చేతికిచ్చును. అది చేతులు మారి డ్రైవరునకు చేరును. చిల్లరయు అదే త్రోవను తిరిగివచ్చును. ముక్కుమొగము తెలియనివారి చేతులమీదుగా సొమ్ము క్షేమముగా సాగుట చిన్న విషయము కాదు.

ఇందలి కష్టమును దాచుట న్యాయము కాదు. అనేకులు డ్రైవర్లకు బండి స్వంతము కాదు. దినమునకింత యని యజమానికి కట్టి, ఇంధనపు ఖర్చు పోగా మిగిలినదానితో ఇల్లు గడుపుకొందురు. జనము ఎక్కకున్నను కట్టుబడి తప్పదు. పాత ఇంజనుల పొగ నగరవాసుల ఊపిరికి చేటనుటయు నిజము. అందుచేత 2017లో ఆ ప్రభుత్వము పాత జీప్నీల స్థానమున క్రొత్త వాహనములను ప్రవేశపెట్టు పథకమును ఆరంభించెను. క్రొత్తబండి వెల పదునారు లక్షల పెసోలకు పైబడినది. దినకూలివంటి ఆదాయముతో అంత ఋణమును తీర్చుటెట్లని డ్రైవర్లు 2023 మార్చిలో సమ్మె చేసిరి. విడివిడిగానున్న యజమానులు సహకారసంఘములుగానో సంస్థలుగానో ఏకము కావలెనను గడువు 2024 ఏప్రిలు 30 వరకు పొడిగింపబడినది. గాలి శుభ్రము కావలెను. డ్రైవరు పొయ్యియు వెలుగవలెను. ఈ రెంటికి పొత్తు కుదుర్చుట ఆనాడు ఇనుమును అతికినంత సులభము కాదు.

మన తెలుగుసీమకును ఈ కథ పరాయిది కాదు. జీపు మన పల్లెలకు మొదట అధికారుల బండిగా వచ్చినది. కాలక్రమమున వెనుక ఎదురెదురు బల్లలతో, సంతకు పోవువారితో, పెండ్లివారితో క్రిక్కిరిసి మన మట్టిదారులలోను తిరిగినది. ఒకే అవసరము రెండు దేశములలో ఒకే ఉపాయమును నేర్పినది.

ఫిలిప్పీన్సులో మొట్టమొదట జీపునకు కప్పు వేసి, బల్లలు నిలిపిన చేతులెవ్వరివో ఏ రాజపత్రమును నమోదు చేయలేదు. వారు గ్రంథములు వ్రాసికొన్నవారు కారు. మన గ్రామమున ఎడ్లబండ్లు చేసిన వడ్రంగులు, కమ్మరులు, నూనె ఇంజనులను బాగుచేసిన మేస్త్రీలు కూడ అట్టివారే. ఇరువదియైదేండ్లుగా పుస్తకములను కాపాడిన మన గ్రంథాలయము, ఇకమీదట ఇట్టి వృద్ధుల నోటిమాటలను గూడ ఒక పుస్తకమున వ్రాయించి భద్రపరచినచో, రాబోవు తరమువారు మన ఊరి చరిత్రలో పనిచేసిన చేతులను గూడ చూడగలుగుదురు.