చెరువు పని, నీరుగంటి వంతు

మన అనంతపురం మెట్టసీమలో ఏడాదికి కురిసే వాన సుమారు 550 మిల్లీమీటర్లు. అదైనా ఒక రాత్రి కుంభవృష్టిగా కురిసి తరువాత నెల్లాళ్లు ముఖం చాటు చేస్తుంది. ఇటువంటి చోట వరిమడి, అరటితోట, కూరపాదులు పెరిగినవంటే అది చెరువు పుణ్యమే. చెరువు కట్టించిన ప్రభువుల పేర్లు చరిత్రలో నిలిచాయి. దానిని ఏటేటా కాపాడినవారి పేర్లు మాత్రము నిలువలేదు. వారిని గురించి నాలుగు మాటలు చెప్పదలచితిని.

అనంతపురం పెద్ద చెరువును 1364లో మొదటి బుక్కరాయల మంత్రి చిక్కవొడయరు కట్టించెనని చెప్పుదురు. ఆ చెరువు కట్టను గురించే ముసలమ్మ కథ పుట్టింది. కట్ట తెగబోగా ఊరిని కాపాడుటకు ఒక కోడలు ప్రాణమిచ్చెనని ఆ కథ. కట్టమంచి రామలింగారెడ్డి గారు దీనినే కావ్యముగా వ్రాశారు. ఆ కథ విన్నప్పుడెల్లా నాకొక సందేహము కలుగుతుంది: కట్టలో నెర్రెలు ముందే చూచి పూడ్చవలసిన పదిమంది ఏమైనట్లు?

వాస్తవానికి ఆ పదిమందికి పని పంచియే ఉండెడిది. ఆయకట్టు రైతులు ఇంటికొక మనిషి చొప్పున వచ్చి కాలువలో పూడిక తీయాలి, కట్టమీద కంప కొట్టాలి, వాన గండ్లు పూడ్చాలి. పూడికమట్టి ఎవరి బండితో వారు పొలానికి తోలుకొనేవారు. అది మంచి ఎరువు. చెరువు సగమే నిండిన ఏట ఎంత నేల తడపవచ్చునో పెద్దలు ముందే తేల్చేవారు. పెద్ద మరమ్మతులకు దశబంధము అనే ఇనాము ఉండేది. చెరువునో కాలువనో బాగుచేసి నిలిపినవారికి దాని కింది సాగులో పదవవంతు లెక్కన భూమి వదలిపెట్టేవారు. పని మానితే ఇనాము పోతుంది.

వీరందరిలో నీరుగంటి ముఖ్యుడు. తూము తీయుట, మూయుట, మడిమడికి వంతు ప్రకారము నీరు పెట్టుట, జోరువానలో రాత్రంతా కట్టమీద కాపలా కాయుట అతని పని. భూమిగల ఆసామియైనా తూముమీద చేయి వేయరాదు. చాలా గ్రామాలలో నీరుగంటి మాల మాదిగ కుటుంబాలవాడే. ఆయకట్టులో అతనికి సొంత మడి ఉండదు గనుక పక్షపాతము చూపడని పెద్దలు చెప్పే కారణము. కారణము బాగానే ఉంది. కాని నీరు పంచేవానికి నీరు పారే నేల లేకుండుటను న్యాయమని నేను అనలేను. కళ్ళంలో రైతు కొలిచి ఇచ్చే మేర గింజలే అతని జీతము. పంట పోయిన ఏట ఆ మేరా పోయేది.

1800లో నిజాము ఈ సీమను కంపెనీకి దత్తము చేశాడు. కంపెనీవారు శిస్తు లెక్క చూచినంత శ్రద్ధగా చెరువుల లెక్క చూడలేదు. రైతులు వంతు పనికి రావడం తగ్గగా, 1858లో మద్రాసు ప్రభుత్వము చట్టము చేసింది. వాడుక ప్రకారము కుడిమరామత్తుకు రానివాడు ఆ కూలికి రెట్టింపు చెల్లించాలి. ఊరి మాటతో జరిగిన పనికి జుల్మానా వచ్చి చేరిందన్నమాట. తరువాత ఇనాముల విచారణలో దశబంధాలు కొన్ని నిలిచాయి, కొన్ని సర్కారుపాలైనాయి.

మన కాలములో ఈ పద్ధతిని దెబ్బతీసింది బోరు. బోరున్న ఆసామికి తూముతో పనేముంది? పూడిక తీయుటకు అతడెందుకు వస్తాడు? చెరువు నిండితేనే భూమిలోకి నీరు ఇంకి బోరుకు అందుతుందని తెలిసేసరికి, ఎన్నో చెరువులు తుమ్మచెట్లతో నిండిపోయాయి. మేర కొలిచేవారు లేక నీరుగంటి బిడ్డలు బెంగుళూరు కూలికి పోయారు.

1997లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము రైతుల యాజమాన్య చట్టము తెచ్చి, నీటి వినియోగదారుల సంఘాలను ఏర్పరచింది. చెరువు బాధ్యత మళ్లీ ఊరికి అప్పగించుట మంచి పనియే. అయితే ఆ సంఘములో ఓటు ఆయకట్టు భూమి చేసుకొనేవారికే. తరతరాలు తూము కాచిన నీరుగంటికి అక్కడ మడి లేకపోతే, ఓటూ లేదు.