పాలు, పులుపు, పనీరు

హైదరాబాదు చంపాపేట ఫంక్షన్‌హాళ్లలో శాకాహారపు విందనగా పనీరు కూర ఉండితీరవలెనన్న స్థితి నేడేర్పడినది. ఈ పదార్థము ఉత్తరాదినుండి మొన్నమొన్న వచ్చినదనియు, దక్షిణాదివారికి పాలు పడవు గనుకనే మన పూర్వులు పాలను విరిచి ముద్దచేయు విద్య నెరుగరనియు పలువురు చెప్పుచున్నారు. ఇందు సత్యము కొంత కలదు. కాని వారు చూపు కారణము మాత్రము సరియైనది కాదు.

వేదకాలపు పెరుగు, నేయి, తరువాతి సుల్తానుల వంటశాలలు అందరెరిగినవే. వివాదమంతయు ఒక్కచోటనే యున్నది: పులుపు పోసి పాలను విరుచుట మన దేశమున ఎప్పుడు మొదలైనది? హైదరాబాదు ప్రాంతీయ పరిశోధనాలయమున పనిచేసిన ఆహారచరిత్రకారుడు కె.టి. అచ్చయ, ప్రాచీనార్యులలో ఇందుకు నిషేధముండెననియు, బెంగాలున పోర్చుగీసువారి సంపర్కముచే అది సడలెననియు తలంచెను. ఆయన పాండిత్యము గౌరవనీయము. బెంగాలుకు ఆ మాట చెల్లిన చెల్లవచ్చును. కాని, కాకతీయులు ఒకప్పుడు సామంతులై కొలిచిన కల్యాణి చాళుక్యులలో మూడవ సోమేశ్వరుడు 12వ శతాబ్ది పూర్వార్ధమున కూర్చిన ‘మానసోల్లాసము’నందు, కాగిన పాలను పుల్లని ద్రవ్యముతో విరిచి, గుడ్డలో వడగట్టి, ఆ ముద్దతో భక్ష్యములు చేయు పద్ధతి స్పష్టముగా కనబడుచుండగా, 1498లో కాలికట్టు చేరిన పోర్చుగీసు నౌకలకు మూడున్నర శతాబ్దములకు పూర్వమే దక్కనునకు ఈ విద్య తెలియునని ఒప్పుకొనక తప్పదు. అయితే అది రాజుగారి పాకశాల. ఆ వంటకము తెలంగాణపు రైతు ఇంటికి చేరెనని ఆ గ్రంథమొక్కటి ఆధారముగా నేను వాదింపజాలను. గృహప్రవేశమున పాలు పొంగవలెను గాని విరుగరాదని తలంచు ఇండ్లలో, విరిచిన పాలు నిత్యాహారము కాకుండుటలో వింత యేమి?

అసలు కారణము మరియొకటి యున్నదని నా విశ్వాసము. పాలలోని లాక్టోజు అను చక్కెరను అరిగించు లాక్టేజు అను ఎంజైము, శైశవము దాటిన పిమ్మట పెక్కుమందిలో తగ్గిపోవును. హైదరాబాదు హబ్సిగూడలోని కణ, అణు జీవశాస్త్ర కేంద్రపు (సి.సి.ఎం.బి.) శాస్త్రజ్ఞులు కూడ పాల్గొని 2012లో ప్రకటించిన పరిశోధన ప్రకారము, పెద్దయైనను ఆ శక్తిని నిలుపు జన్యుభేదము, యూరోపువారిలో ఉన్నదే, మన వాయవ్యమున అధికముగాను, దక్షిణ ప్రాగ్దిశలకు వచ్చినకొలది స్వల్పముగాను ఉన్నది. ఐనను తెలుగువారు పాడిని విడువలేదు. రాత్రి తోడువేసిన పాలు తెల్లవారుసరికి పెరుగగుచున్న ఈ ఉష్ణదేశమున, సూక్ష్మజీవులు ఆ చక్కెరలో కొంత తామే హరించి, తక్కినదానిని ప్రేగులలో అరిగించుటకును తోడ్పడుచున్నవి. ఈనిన పశువు తొలిపాలలో లాక్టోజు తక్కువ, ప్రోటీను ఎక్కువ గనుక, పులుపు అక్కరలేకయే వేడికి జున్ను గడ్డకట్టును. పెరుగు, జున్నులే చాలినందున పాలను విరుచు అవసరము అంతగా కలుగలేదు. పాలు పడనివారికి పాడిని పడునట్లు చేసిన ఈ నేర్పును లెక్కింపక, ముద్ద చేయలేదు గనుక మనకు తెలియదనుట అన్యాయము.

నేటి స్థితి నాకు సంతృప్తికరముగా లేదు. విరిగిన పాల తేటతో లాక్టోజు చాలవరకు పోవును గనుక, గ్లాసెడు పాలకే పొట్టయుబ్బువారు కూడ మితముగా పనీరు తినగలరు. చిరకాలము మాగిన చెడ్డరులో లాక్టోజు దాదాపు ఉండనే ఉండదు. కాని కూరలో పోసిన మీగడకు ఈ మాట వర్తింపదు. పిజ్జాపైని ప్రాసెస్డ్ చీజులోని ఉప్పును రక్తపుపోటు గలవారు గమనింపవలెను. అంతకన్న ముఖ్యము, పాల ప్రోటీనుకు ఎలర్జీగల బిడ్డకు పనీరు మరింత ప్రమాదము, ఏలయన ఆ ముద్దలో మిగిలిన ప్రోటీనులో అధికభాగము కేసీనే. లాక్టోజు పడకుండుట, ఎలర్జీ అను ఈ రెండు బాధలను ఒక్కటిగా భావించి, ‘కొంచెము తింటే ఏమౌతుంది’ అని బలవంతపెట్టు బంధువుల ప్రేమ భయంకరము. పనీరు ఘనపదార్థమున సగమైనను పాలకొవ్వే ఉండవలెనని నియమముండగా నూనెతో చేసిన నకిలీ ముద్దలు దాని పేర అమ్ముడగుటయు ఆందోళనకరమే. విందు బల్లపై ప్రతి గిన్నెచెంత పాలు, జీడిపప్పు, గోధుమ ఉన్నదీ లేనిదీ తెలుపు చీటీ నొకదాని నుంచుట వంటవారికి ఏపాటి శ్రమ? పెండ్లిపత్రికలకు అంత వ్యయపరచు గృహస్థులు దీనిని అడిగి చేయించుకొనవలెను.